పట్నం వేడి మన పొలిమేర దాకా వచ్చింది

విజయనగరం: వేసవిలో రాత్రి తొమ్మిది, పది గంటల వేళ విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో పల్లె బస్సు కోసం నిలబడిన వారందరికీ ఈ అనుభవం వున్నదే. పొద్దు గుంకి మూడు గంటలైనా కాళ్ల కింద గచ్చు సెగ కక్కుతూనే వుంటుంది. గోడకు వీపు ఆనిస్తే పొయ్యి గోడకు ఆనించినట్లే వుంటుంది. అదే బస్సు గజపతినగరం దారిలోనో, నెల్లిమర్ల దారిలోనో పట్టణం దాటి పొలాల మధ్యకు వచ్చేసరికి కిటికీలోంచి చల్లగాలి ముఖానికి తగులుతుంది. అప్పటిదాకా విసనకర్ర కోసం వెతుక్కున్న వాళ్లు కునికిపాట్లు పడతారు. పది కిలోమీటర్లలో కాలం మారదు. మారినది నేల.

ఈ తేడా ఎందుకు వస్తున్నది? పట్టణంలో గాలికి ఏమయింది? పట్టణం గాలితో పల్లెవాళ్లకు పనేమిటి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవలసిన అవసరం ఇప్పుడు మన జిల్లా రైతులకు, కూలీలకు వచ్చింది. ఏ పనులు పట్టణాన్ని వేడెక్కించాయో ఆ పనులే ఇప్పుడు చుట్టుపక్కల గ్రామాల్లో ఒక్కొక్కటిగా జరుగుతున్నాయి.

జాబితాలో మన పేరు

కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమాన్ని ప్రారంభించింది. వరుసగా అయిదేళ్లు గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోలేని పట్టణాలను గుర్తించి, వాటిలో ధూళిని తగ్గించడం దీని ఉద్దేశం. మన రాష్ట్రం నుంచి మొదట విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు ఈ జాబితాలో చేరాయి. ఆ తరువాత మరో 8 పట్టణాలను చేర్చారు. ఆ ఎనిమిదింటిలో విజయనగరం ఒకటి, శ్రీకాకుళం ఒకటి. దేశం మొత్తం మీద ఈ కార్యక్రమం కిందకు వచ్చిన నగరాలు, పట్టణాలు 131.

ఢిల్లీ, కాన్పూరు వంటి నగరాల పక్కన మన విజయనగరం పేరు వుండడమేమిటని చాలామంది నవ్వి వూరుకున్నారు. ఇక్కడ లక్షల కార్లు లేవు, పెద్ద పెద్ద పొగగొట్టాలు లేవు. సంగీతానికి, చదువుకు పేరు పడిన ఊరు. అయినా జాబితాలో చేరింది. నవ్వవలసిన విషయం కాదు, ఆలోచించవలసిన విషయం. మన చిన్న పట్టణాలు కూడా ఊపిరికి పనికిరాని ధూళిని తయారు చేసుకోగలవని దీనితో రుజువయింది.

ఈ ధూళిని రెండు రకాలుగా కొలుస్తారు. మిల్లీమీటరులో నూరో వంతు, అంతకంటె సన్నని రేణువులు ఒక రకం. అందులోనూ నాలుగో వంతు పరిమాణానికి మించని అతి సన్న రేణువులు రెండో రకం. రెండో రకం రేణువు మన తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. ముక్కులో వెంట్రుకలు గాని, గొంతులో తేమ గాని దానిని ఆపలేవు. ఊపిరితిత్తుల అడుగుకు, అక్కడినుంచి రక్తంలోకి పోతుంది. దగ్గు, ఉబ్బసంతో ఆగదు. గుండెకు, మెదడుకు కూడా చేటు చేస్తుంది.

మన దేశంలో 2009లో నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం మొదటి రకం ధూళి ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు, సన్న ధూళి 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దులు ఇంకా కఠినమైనవి. వారి లెక్కలో మొదటిది 15, రెండోది 5 మాత్రమే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ జాబితా పట్టణాలది. పల్లెల పేర్లు ఇందులో వుండవు. పేరు లేనంత మాత్రాన పల్లె గాలి శుభ్రమని అర్థం కాదు. కార్పొరేషను హద్దు రాయి దగ్గర పొగ ఆగి వెనక్కు తిరగదు.

రాత్రి వేడి వెనుక కారణాలు

పట్టణాలు పల్లెల కంటె వెచ్చగా వుంటాయన్నది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. 200 ఏళ్ల క్రితమే, ఇంగ్లండులో లూక్ హొవార్డ్ అనే ఔషధాల తయారీదారు లండన్ నగరం లోపల, వెలుపల ఉష్ణోగ్రతలను ఏళ్ల తరబడి పోల్చి చూశాడు. 1818లో మొదలుపెట్టి ప్రచురించిన గ్రంథంలో, రాత్రివేళ నగరం చుట్టుపక్కల పల్లెల కంటె సుమారు 2 డిగ్రీలు వెచ్చగా వుంటున్నదని తేల్చాడు. నాటి లండన్‌లో మోటార్లు లేవు, ఏసీలు లేవు. ఇటుక గోడలు, రాతి వీధులు, బొగ్గు పొయ్యిలు మాత్రమే వున్నాయి. ఇప్పుడు పెద్ద నగరాల్లో గాలి కదలని నిర్మలమైన రాత్రుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువగా కనిపిస్తున్నది.

ఇందులో వున్న కిటుకు మన ఇళ్లలో రోజూ చూసేదే. మట్టి కుండలో నీళ్లు చల్లగా వుంటాయి, ఇనుప పెనం పొయ్యి మీంచి దించినా చాలాసేపు కాలుతూనే వుంటుంది. తడి వున్న నేల, చెట్టు, చెరువు కుండ వంటివి. సిమెంటు రోడ్డు, తారు రోడ్డు, శ్లాబు పెనం వంటివి. పగలంతా ఎండను మింగి, రాత్రంతా కక్కుతాయి.

దీనికి మరి మూడు కారణాలు తోడవుతాయి. పొలంలో నేల నుంచి వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. ఇరుకు వీధిలో ఒక గోడ వదిలిన వేడిని ఎదుటి గోడ పట్టుకుంటుంది. మేడలు గాలిని అడ్డుకుంటాయి. ఇక మోటార్లు, జనరేటర్లు, ఏసీ యంత్రాలు తమ వంతు వేడిని వీధిలోకి వదులుతాయి. ఏసీ వేడిని పోగొట్టదు. గదిలోని వేడిని తీసి వీధిలో పోస్తుంది. లోపలివారు చల్లబడతారు, ఆ గోడ పక్కన బండి పెట్టుకొని అరటిపండ్లు అమ్ముకునే ఆమె ఆ వేడిని భరిస్తుంది.

రాత్రి వేడిని తేలికగా తీసుకోరాదు. పగలు ఎండలో పని చేసిన శరీరం రాత్రి చల్లబడితేనే మరునాటికి కోలుకుంటుంది. మనది సముద్రానికి దగ్గరి జిల్లా. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒంటి వేడి దిగదు. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. అటువంటి గాడ్పులకు మొదట బలయ్యేది ముసలివాళ్లు, ఎండలో కాయకష్టం చేసేవాళ్లు.

చెరువు చేసే పని

చెరువు అంటే తాగునీరు, సాగునీరు, చేపలు అని మాత్రమే మనం లెక్క వేసుకుంటాం. చెరువు చేసే మరొక పనికి ఎవరూ కూలి ఇవ్వరు. నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని చుట్టూ వున్న గాలి నుంచి, నేల నుంచి తీసుకుంటుంది.

లెక్క వేసి చూద్దాం. ఎకరం విస్తీర్ణం గల చెరువులో వేసవిలో రోజుకు అర సెంటీమీటరు నీరు ఆవిరైతే అది సుమారు 20 వేల లీటర్లు. అంత నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడి 13 వేల యూనిట్ల కరెంటుకు మించి వుంటుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ యంత్రాలు నూరు పెట్టి రాత్రింబవళ్లు నడిపితే ఎంత వేడి లాగుతాయో ఒక ఎకరం చెరువు కరెంటు బిల్లు లేకుండా అంత లాగుతున్నది. చల్లదనంలో కొంత గాలికి కొట్టుకుపోతుంది, నిజమే. ఆ కొట్టుకుపోయేది కూడా గట్టు పక్క వీధులకే కదా పోయేది!

ఈ లెక్కతో విజయనగరాన్ని చూడండి. 1713లో కోట కట్టిన నాటి నుంచి ఈ ఊరు చెరువులను, కోనేళ్లను నమ్ముకొని పెరిగింది. పైడితల్లి అమ్మవారు పెద్ద చెరువులో వెలిశారని, 1757లో విజయదశమి నాడు అమ్మవారి విగ్రహాన్ని ఆ నీటిలోంచి పైకి తీశారని భక్తులు చెప్పుకుంటారు. అటువంటి పెద్ద చెరువులోకి ఇప్పుడు మురుగు చేరుతున్నది, గుర్రపుడెక్క పేరుకుంటున్నది. అయ్యకోనేరు వంటి నీటి తావుల చుట్టూ ఇళ్లు, దుకాణాలు ఒత్తుకు వచ్చాయి. పేరులో చెరువో, తోటో వుండి, చూడబోతే చుక్క నీరు, ఒక్క చెట్టు లేని వీధులు ఏ పట్టణంలోనైనా కనిపిస్తాయి.

చెట్ల సంగతి కూడా అంతే. చెట్టు నీడ ఇవ్వడమే కాదు, వేళ్లతో లాగిన నీటిని ఆకుల ద్వారా ఆవిరి చేసి చెరువు చేసే పనే చేస్తుంది. ఆకుల మీద ధూళిని పట్టి నిలుపుతుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను విశాఖలోను, మన జిల్లాలోను పెద్ద చెట్లను పెకలించివేసింది. ఆ మరుసటి వేసవిలో నీడ విలువ ఏమిటో అందరికీ తెలిసింది. ఏటా దసరా వెళ్లిన తరువాత మంగళవారం జరిగే సిరిమాను ఉత్సవానికి యాభై, అరవై అడుగుల చింత మాను కావాలి. దానికోసం పరిసర గ్రామాల వైపే చూడాలి. అంత మాను ఒక ఏట పెరిగేది కాదు. మన తాతలు నరకకుండా వదిలిపెట్టిన చెట్టు అది. మన మనుమలకు మనం వదిలేది ఏమిటి?

విశాఖ నేర్పిన పాఠం

పట్టణం గాలి ఎంత దూరం చెడగలదో తెలుసుకోవడానికి ఢిల్లీ పోనక్కరలేదు. పక్కనే వున్న విశాఖ చాలు. మన జిల్లా నుంచి రోజూ కూలికి, ఉద్యోగానికి, ఆసుపత్రికి వేలమంది వెళుతున్న నగరం అది.

విశాఖ నగరం నడిబొడ్డు గిన్నె వంటి ప్రాంతం. ఉత్తరాన సింహాచలం, కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం. 1933లో ఓడరేవు ప్రారంభమయింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1960లలో ఎరువుల కర్మాగారం, 1970లలో జింకు కర్మాగారం వచ్చాయి. ఆ తరువాత ఉక్కు కర్మాగారం వచ్చింది. ఓడరేవులో బొగ్గు, ఇనుప ఖనిజం గుట్టలు పెరిగాయి. బైలదిల్లా గనుల నుంచి ఆ ఖనిజం మోసుకువచ్చే రైళ్లు మన కొత్తవలస మీదుగానే పోతాయి.

పరిశ్రమలు అన్నం పెట్టాయి, కాదనలేం. కాని అవి వెలసిన చోటు గిన్నె అడుగున. పగలు సముద్రం నుంచి భూమి మీదికి, రాత్రి భూమి నుంచి సముద్రం మీదికి గాలి వీస్తుంది. ఆ రెండూ మారే వేళల్లో గాలి స్తంభిస్తుంది. శీతాకాలపు రాత్రుల్లో నేల చల్లబడి, దానిపైన వెచ్చని గాలి మూతలా కప్పుకుంటుంది. అప్పుడు పొగ పైకి పోలేదు, కొండలు పక్కకు పోనివ్వవు. రాత్రి వదిలిన పొగనే తెల్లవారేదాకా జనం పీల్చాలి. పాత పట్టణం వాసులు బట్టల మీద, గిన్నెల మీద నల్లటి పొడి గురించి దశాబ్దాలుగా మొర పెట్టుకుంటూనే వున్నారు.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలను పరిశీలించి, వాటిలో 43 ప్రాంతాలు తీవ్రమైన కాలుష్యంలో వున్నాయని తేల్చింది. విశాఖ అందులో ఒకటి. 2010 జనవరిలో ఆ ప్రాంతాలలో కొత్త పరిశ్రమలకు, విస్తరణలకు పర్యావరణ అనుమతులను కొంతకాలం నిలిపివేశారు. తరువాత సడలించారు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం గ్రామం దగ్గర ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ఆవిరి గాలి కంటె బరువైనది. పైకి లేవక నేల మట్టానికి పాకి, నిద్రలో వున్న ఇళ్లలోకి చొరబడింది. ఒకప్పుడు ఊరికి దూరమనుకున్న కర్మాగారం చుట్టూ నగరం పెరిగినప్పుడు, ఆ మధ్యలో పల్లె చిక్కుకుపోతుంది. ఆ ఉదయం పశువులు కూడా కట్టుగొయ్యల దగ్గరే కూలిపోయిన దృశ్యాలు మనం మరచిపోరాదు.

మన జిల్లా విశాఖకు ఈశాన్యంగా వున్నది. వేసవిలో ఈ తీరం వెంట గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. అంటే నగరం మీద నుంచి వచ్చే గాలి దారిలో మనం వున్నాం. పైగా ఇప్పుడు నగరమే ఇటు నడిచి వస్తున్నది. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. ఆనందపురం నుంచి భోగాపురం దాకా దారి పొడవునా జీడితోటలు, మామిడితోటలు ప్లాట్లుగా మారడం కళ్ల ముందు జరుగుతున్నది.

తప్పంతా పట్నానిదేనా?

ఇంతవరకు చదివి, పట్నం వాళ్లు చేసిన పాపం మనం అనుభవిస్తున్నామని అనుకోవడం సులభం. అందులో నిజం వున్నది. పట్టణంలో ఒక మేడ లేవాలంటే ఇటుక పల్లెలో కాలుతుంది. కంకర కోసం కొండ పల్లెలో పగులుతుంది. ఇసుక చంపావతిలోనో, నాగావళిలోనో లేస్తుంది. గ్రావెల్ లారీ పల్లె బడి ముందు నుంచే పరుగెత్తుతుంది. పట్టణం చెత్త ఏ పల్లె పొలిమేరలోనో గుట్టపడి, ఎవరో నిప్పు పెడితే రోజుల తరబడి రాజుకుంటుంది. మేడ నీడ పట్టణానికి, పొగ, దుమ్ము పల్లెకు దక్కుతున్నాయి.

అయితే మన చేతులు కూడా శుభ్రంగా లేవు. ఈ విలేఖరి సొంత ఊరిలో బడి వెనుక ఒక బంద వుండేది. ఎండాకాలంలో పశువులు అందులో పడి దొర్లేవి. గోగు కట్టలు అందులోనే ఊరవేసేవారు. ఆ బంద ఇప్పుడు లేదు. ఎవరు పూడ్చారంటే ఒకరి పేరు చెప్పడానికి లేదు. పెంకుటిల్లు విప్పి శ్లాబు వేసుకున్న ప్రతి ఇంటివారు మిగిలిన మట్టి, పెంకు తెచ్చి అందులో పోశారు. మా ఇంటి పెంకులు కూడా అందులోనే వున్నాయి. ఇప్పుడు వేసవి రాత్రుళ్లు మా అమ్మ ఆ శ్లాబు గదిలో పడుకోదు. వీధి అరుగు మీద చాప వేసుకుంటుంది. పాత ఇంట్లో ఈ అవస్థ లేదని ఆమె ఏటా అంటుంది. పాత ఇంట్లో వాన కారేదని మేము గుర్తు చేస్తాం. రెండూ నిజమే. మళ్లీ పూరిల్లు వేసుకొమ్మని ఎవరినీ అడగలేం. శ్లాబు వేసుకున్నవాడు బందను కూడా పూడ్చుకోనవసరం లేదన్నదే చెప్పవలసిన మాట.

ఇటుక బట్టీల సంగతీ అంతే. బట్టీకి భూమి కౌలుకు ఇచ్చినది మన రైతే. పై మట్టి పోయాక ఆ చేను మళ్లీ పండడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆయనకు తెలియనిది కాదు. చేతిలో డబ్బు ఆడక ఇచ్చాడు. మొక్కజొన్న చొప్ప చేలోనే తగులబెట్టేది, రోడ్డు పక్క ప్లాస్టిక్ కవర్లకు నిప్పు పెట్టేది, భోగి మంటలో పాత టైర్లు వేసేది పట్నం వాళ్లు కాదు. ఆవు పిడకల పొగ వేరు, టైరు పొగ వేరు అని చంటిపిల్లలున్న ఇళ్లవారు గ్రహించాలి.

ఇక వాన. నగరాల వేడి, పొగ వానల తీరును కూడా మార్చగలవు. అమెరికాలో సెయింట్ లూయీ నగరం చుట్టూ 1971 నుంచి 1975 వరకు శాస్త్రజ్ఞులు పరిశీలనలు జరిపి, నగరానికి గాలివాలున వున్న ప్రాంతంలో వేసవి వాన పెరిగినట్లు గుర్తించారు. నగరం మీద వేడి గాలి పైకి లేచి మేఘాన్ని పెంచడం అందుకు ఒక కారణం. వాన పెరిగితే మంచిదే కదా అనవచ్చు. సిమెంటు కప్పిన నేల మీద పడిన వాన ఇంకదు. గంటలో గెడ్డలోకి, గెడ్డ పూడిపోతే ఇళ్లలోకి పోతుంది. 2020 అక్టోబరులో హైదరాబాదు వీధుల్లో పడవలు తిరిగాయి. చెరువులు, వాటిని కలిపే కాలువలు కబ్జా అయిన ఫలితం అది. వానలో మునగడం, వేసవిలో మాడడం, రెండింటికీ మూలం కప్పిపెట్టిన నేలే.

డబ్బు ఎటు పోయింది?

స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద 2025-26 నాటికి ధూళిని 40 శాతం వరకు తగ్గించాలని, లేదా ప్రమాణాల లోపలికి తేవాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఖర్చు ఎలా జరిగిందో ఢిల్లీలోని విజ్ఞాన, పర్యావరణ కేంద్రం 2024లో లెక్క తీసింది. దేశం మొత్తం మీద అప్పటిదాకా ఖర్చయిన సొమ్ములో సుమారు 64 శాతం రోడ్డు దుమ్ము మీదనే పెట్టారు. అంటే రోడ్లు వేయడం, గుంతలు పూడ్చడం, ఊడ్చే యంత్రాలు కొనడం, నీళ్లు చల్లడం. చెత్త, కట్టె తగులబెట్టడాన్ని ఆపేందుకు 15 శాతం లోపు, వాహనాల పొగకు 13 శాతం లోపు, పరిశ్రమల పొగకు ఒక్క శాతం కూడా ఖర్చు కాలేదు.

రోడ్డు దుమ్ము సమస్య కాదని కాదు. లారీల రద్దీ గల 26వ నెంబరు జాతీయ రహదారి మన పట్టణం మీదుగా సాలూరు వైపు పోతున్నది. అయితే దుమ్ము కంటె పొగ నుంచి వచ్చే సన్న రేణువులే ఊపిరికి ఎక్కువ హాని చేస్తాయి. కంటికి కనిపించే దుమ్మును ఊడ్చి, కనిపించని పొగను వదిలేస్తే రోగం మీద గుడ్డ కప్పినట్లే. పైగా రోడ్డు పక్క మట్టిని కూడా సిమెంటుతో కప్పి, దుమ్ము తగ్గిందని చెప్పడం ఒక పద్ధతిగా మారింది. దుమ్ము తగ్గవచ్చు, వేడి పెరుగుతుంది. ఆ చోట చెట్టు నాటి, గడ్డి మొలిపిస్తే రెండూ తగ్గుతాయి.

పంచాయతీ చేతిలో వున్నది ఏమిటి?

పట్టణం పోగొట్టుకున్న చెరువును తిరిగి తవ్వాలంటే మేడలు కూల్చాలి. పల్లెలో ఇంకా ఆ స్థితి రాలేదు. మనకు అనుకూలమైన సంగతి ఇదొక్కటే, దానిని పోగొట్టుకోరాదు. చట్టాలు కూడా మన పక్షాన వున్నాయి.

జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి సర్పంచ్ దగ్గర వుండదగినది. గ్రామ ఉమ్మడి భూములను, చెరువులను ఆక్రమించినవారు ఎంత కాలం నుంచి వుంటున్నా, ఎంత డబ్బు పెట్టి కట్టుకున్నా, అది హక్కు కాబోదని కోర్టు చెప్పింది. ఆక్రమణలు తొలగించేందుకు పథకాలు తయారు చేయాలని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం 2002 నుంచి అమలులో వున్నది. గ్రామంలోని చెరువులు, బందలు, గెడ్డలు ఎన్ని, వాటి హద్దులు ఏమిటి అన్నది రెవెన్యూ రికార్డులో వుంటుంది. దానిని గ్రామసభలో చదివించి, హద్దు రాళ్లు వేయించమని తీర్మానం చేయడానికి పైసా ఖర్చు లేదు. గ్రామసభ ఏడాదికి రెండుసార్లయినా జరగాలి. సంతకాలు పెట్టి లేచిపోకుండా ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

ఇటుక బట్టీల విషయంలో కేంద్ర పర్యావరణ శాఖ 2022 ఫిబ్రవరిలో నిబంధనలు ఇచ్చింది. కొత్త బట్టీ ఊరికి, పండ్ల తోటలకు కనీసం 800 మీటర్ల దూరంలో వుండాలి. పొగ తగ్గించే పద్ధతులకు బట్టీలు మారాలి. కొత్త బట్టీకి భూమి ఇచ్చేముందు ఈ దూరం కొలిచి చూసుకోవడం రైతుకు, పంచాయతీకి కూడా మంచిది. బహిరంగంగా చెత్త తగులబెడితే 5 వేల రూపాయలు, పెద్ద ఎత్తున తగులబెడితే 25 వేల రూపాయలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. ఈ మాట సామాన్యులకే కాదు, చెత్తను ఊరవతల గుట్ట పోసే వారికీ వర్తిస్తుంది.

శ్లాబు ఇళ్లవారు చేయగల చౌక పని ఒకటి వున్నది. వేసవికి ముందు డాబా మీద తెల్ల సున్నం దట్టంగా వేస్తే ఎండలో చాలా భాగం వెనక్కు తిరిగిపోయి గదిలో వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. మన అమ్మమ్మలు పండగకు గోడలకు వేసిన సున్నమే ఇది. పక్క రాష్ట్రం తెలంగాణ 2023 ఏప్రిల్‌లో దీనికోసం ప్రత్యేకంగా చల్లని పైకప్పుల విధానమే ప్రకటించింది. మన జిల్లాలో బడులు, అంగన్‌వాడీ కేంద్రాలు, పంచాయతీ కార్యాలయాల పైకప్పులతో మొదలుపెట్టవచ్చు. పిల్లలు కూర్చునే గది పెనంలా కాలకూడదు.

చెట్ల విషయంలో ఒక మనవి. ఫొటో కోసం నాటిన వంద మొక్కల కంటె నరకకుండా ఆపిన ఒక్క రావి, ఒక్క చింత ఎక్కువ పని చేస్తుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, కరెంటు తీగలు లాగేటప్పుడు పాత చెట్టు పోతున్నదంటే ఊరు ఊరంతా వెళ్లి కారణం అడగాలి. చెరువు గట్టున వేప, కానుగ, తాటి వేస్తే గట్టూ నిలుస్తుంది, నీడా వస్తుంది.

పట్టణానికి కూడా ఒక మాట చెప్పాలి. విజయనగరం కార్పొరేషను తన గాలిని బాగు చేసుకోవడానికి వేసే ప్రణాళికలో చుట్టుపక్కల గ్రామాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కూరగాయలు, పాలు, కూలీలు పల్లె నుంచి రావాలి, చెత్త, పొగ పల్లెకు పోవాలి అంటే న్యాయం కాదు. పెద్ద చెరువుకు మురుగు చేరకుండా ఆపడం ఏ ధూళి యంత్రం కంటెనూ ముందు చేయవలసిన పని.

వేసవి వస్తే కాలం మారిపోయిందనో, కలికాలమనో అనుకొని సర్దుకుపోవడం మనకు అలవాటు. ప్రపంచమంతా వేడెక్కుతున్న మాట నిజమే. దానిని ఆపడం ఒక్క ఊరి వల్ల అయ్యేది కాదు. కాని ఆ వేడికి పైన మన వీధి, మన డాబా, మన పూడ్చిన బంద కలిపిన వేడి మనం చేసుకున్నదే. చేసుకున్నదాన్ని దిద్దుకోవచ్చు. రాత్రి బస్సు పట్టణం దాటగానే తగిలే ఆ చల్లగాలి ఏటేటా మరి కాస్త దూరం పోతేగాని తగలడం లేదు. అది మన ఊరి పొలిమేర దాటి పోకముందే గ్రామసభలో లేచి, మన బంద ఎక్కడ అని అడగాలి.